బడి ఎవరిది? - న్యూయార్క్ నేర్పిన పాఠం

మష్వరా చేసుకుని పని చేయడం మన కౌముకు కొత్త సంగతి కాదు. ఖుర్ఆన్ షరీఫ్‌లో 'షూరా' పేరిట ఒక సూరాయే ఉన్నది. మసీదు కమిటీ గానీ, మన సొసైటీ గానీ నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటేనే నడుస్తాయి. అయితే నలుగురూ కలిసి నడపడం అనుకున్నంత సులువు కాదు. బడి విషయంలో తల్లిదండ్రుల మాట ఎంతవరకు, ఉపాధ్యాయుల మాట ఎంతవరకు, సర్కారు మాట ఎంతవరకు అన్న ప్రశ్న వచ్చేసరికి పెద్ద నగరాలే అట్టుడికిపోయినవి. అటువంటి చరిత్ర ఒకటి సభ్యుల ముందు ఉంచుతున్నాను.

అమెరికాలోని న్యూయార్క్ నగరంలో 1960ల నాటికి సర్కారు బడులలో పది లక్షలకు పైగా పిల్లలు చదివేవారు. ఇన్ని బడులకూ ఒకటే కేంద్ర విద్యా బోర్డు. బ్రూక్లిన్‌లోని దాని కార్యాలయం నుంచే హుకుములన్నీ వచ్చేవి. నల్లవారికి, తెల్లవారికి వేరువేరు బడులు చెల్లవని 1954లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కానీ నల్లవారి, ప్యూర్టోరికో వారి మొహల్లాలలో బడులు ఎప్పటిలాగే ఉండిపోయినవి. 1966లో హార్లెమ్‌లో ఒక కొత్త బడి తెరిచారు. అన్ని జాతుల పిల్లలూ అక్కడ కలిసి చదువుతారని చెప్పిన మాట నిలబడలేదు. అప్పుడు తల్లిదండ్రులు, "కలిపి చదివించడం మీ వల్ల కాకపోతే, మా బడుల పెత్తనమైనా మాకివ్వండి" అని పట్టుబట్టారు.

1967లో బోర్డు మూడు పేటలలో ప్రయోగానికి ఒప్పుకుంది. ఫోర్డ్ ఫౌండేషన్ కొంత డబ్బిచ్చింది. అందులో బ్రూక్లిన్‌లోని ఓషన్ హిల్-బ్రౌన్స్‌విల్ ఒకటి, మొత్తం 8 బడులు. స్థానిక బోర్డును ఎన్నుకున్నారు. నగర విద్యాశాఖలోనే ఏళ్ళ తరబడి పనిచేసిన రోడీ మెక్కాయ్ అధికారిగా వచ్చాడు. మొదట్లో ఉపాధ్యాయుల యూనియన్ కూడా ఈ ఆలోచనలో పాలుపంచుకుంది.

మరి ఎక్కడ చెడింది? స్థానిక బోర్డు అధికారాలేమిటో ఎవరూ తేల్చి రాయలేదు. ఉపాధ్యాయులను వేసుకోవడం, తీసేయడం, డబ్బు ఖర్చు పెట్టడం ఎవరి చేతిలో ఉన్నదో స్పష్టం కాలేదు. పేరుకు పెత్తనం ఇచ్చారు గానీ తాళంచెవి కేంద్రం దగ్గరే ఉండిపోయింది.

1968 మే నెలలో స్థానిక బోర్డు 19 మందికి, ఉపాధ్యాయులకూ పర్యవేక్షకులకూ కలిపి, ఇక్కడ మీ పని అయిపోయింది, కేంద్ర కార్యాలయానికి వెళ్ళండి అని ఉత్తరాలు పంపింది. వారు దాదాపు అందరూ తెల్లవారు, ఎక్కువమంది యూదులు. విచారణ లేకుండా తీసేయడం అన్యాయమని యూనియన్ నాయకుడు ఆల్బర్ట్ షాంకర్ ఎదురుతిరిగాడు. ఉపాధ్యాయుల మీది ఆరోపణలను విచారించిన మాజీ న్యాయమూర్తి ఫ్రాన్సిస్ రివర్స్ నల్లజాతివాడే. ఆయన ఆగస్టులో ఆరోపణలు రుజువు కాలేదని చెప్పాడు. స్థానిక బోర్డు ఆ మాట వినలేదు.

ఇక సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మూడుసార్లు సమ్మె జరిగింది. 50 వేలకు పైగా ఉపాధ్యాయులు బయటికొచ్చారు. నగరంలోని పిల్లలు 36 పనిదినాలు నష్టపోయారు. విచిత్రమేమంటే, తగువు పుట్టిన ఓషన్ హిల్ బడులు మాత్రం కొత్తగా వేసుకున్న ఉపాధ్యాయులతో నడుస్తూనే ఉన్నవి. ఆ కొత్తవారిలోనూ తెల్లవారే ఎక్కువ. అయినా మాట మాట పెరిగి జాతుల పగ దాకా పోయింది. యూదులను దూషిస్తూ ఎవరో పేరులేని కరపత్రం పంచితే, యూనియన్ దాన్నే లక్షల ప్రతులు వేసి పంచిపెట్టింది. దానితో ఇరుపక్షాల మనసులూ విరిగినవి.

1969లో రాష్ట్ర శాసనసభ కొత్త చట్టం చేసి, నగరమంతటికీ ముప్పైకి పైగా స్థానిక బోర్డులు పెట్టింది. ఆ ఎన్నికలకు ఓటు వేయడానికి వచ్చినవారు బహు తక్కువ. కొన్నిచోట్ల ఉద్యోగాలు అయినవారికే పంచుకున్నారన్న ఆరోపణలూ వచ్చినవి. 1996లో వాటి అధికారాలు చాలావరకు తగ్గించారు. 2002లో పెత్తనం నగర మేయరు చేతికి పోయింది. చుట్టూ తిరిగి మళ్ళీ ఒక్కచోటికే చేరింది.

ఇందులో తప్పు ఎవరిదంటే ఒక్కరి వైపే వేలు చూపలేము. తమ పిల్లల చదువు పాడవుతోందన్న తల్లిదండ్రుల బాధ నిజం. విచారణ లేకుండా పంపేయకండి అన్న ఉపాధ్యాయుల మాటా న్యాయమే. నేనూ ఉపాధ్యాయుడినే గనుక ఆ రెండో మాట విలువ నాకు తెలుసు. కానీ ఈ రెండు న్యాయాలనూ ఒకచోట కూర్చోబెట్టే పద్ధతి ముందుగా ఏర్పాటు చేయనందువల్లనే ఇంత నష్టం జరిగింది.

మనకు ఈ సంగతి దూరం కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడులలో యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు కావాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధుల ఖర్చు చూడటం ఆ కమిటీ పని. ఎయిడెడ్ మైనారిటీ బడులలో మాత్రం 2012 సవరణ ప్రకారం అది సలహా వరకే. మన మొహల్లాలోని సర్కారు ఉర్దూ మీడియం బడికి పూర్తి కమిటీయే ఉంటుంది. తీర్మానం పుస్తకం ఇంటికి పంపి వేలిముద్ర వేయించుకుంటే దాన్ని మష్వరా అనరు. మీటింగు రోజున అమ్మీజాన్‌లు వచ్చి కూర్చోవాలి. ఉర్దూ టీచరు ఖాళీ ఎందుకు నిండలేదని, మరుగుదొడ్డికి నీళ్ళెందుకు రావని అడగాలి. ఉపాధ్యాయుడి మీద ఫిర్యాదు ఉంటే ముందు అతని మాట వినాలి. ఉపాధ్యాయులు కూడా, చదువురాని తల్లి అడిగిందని చిన్నచూపు చూడకూడదు.

బడి ఎవరిది అన్న పోరులో న్యూయార్క్ పిల్లల 36 రోజులు పోయినవి. మన పిల్లల రోజులు అట్లా పోకుండా చూసుకునే తౌఫీక్ అల్లాహ్ మనందరికీ ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.