ఆయుధం లేని కాపలా: శాంతి సేన నుంచి భివండి మొహల్లా కమిటీల దాకా

భివండి, సోలాపూర్, ముంబైలలో తరాలుగా ఉంటున్న మన నేత ఇళ్లకు కర్ఫ్యూ అంటే సాంచాలు ఆగిపోవడం. మీటర్ల లెక్కన కూలి తీసుకునే ఇంట్లో సాంచా ఆగిన రోజు కూలి లేదు. గొడవ ఎవరు మొదలుపెట్టినా నష్టం మాత్రం గల్లీలో అందరికీ పడుతుంది. పొరుగు రాష్ట్రంలో భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్న మనకు ఆ నష్టం ఇంకొంచెం ఎక్కువే తగులుతుంది. అందుకే తుపాకీ, లాఠీ లేకుండా సామాన్యులే తమ బస్తీని కాపాడుకున్న పద్ధతుల గురించి ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

అసలు ఏమిటిది?

దీన్ని నిరాయుధ పౌర రక్షణ అంటున్నారు. శిక్షణ పొందిన మామూలు మనుషులు ఆయుధం లేకుండా గొడవ జరిగే చోట ఉండి, జనాన్ని కాపాడే పని ఇది. మీటింగులు పెట్టి శాంతి గురించి ఉపన్యాసాలు ఇవ్వడం దీని కిందకు రాదు. ప్రమాదంలో ఉన్న వ్యక్తికి తోడుగా నడవడం, పుకారు పుట్టిన చోటికి వెళ్లి నిజం తెలుసుకోవడం, ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు వర్గాల మధ్య కబురు మోయడం, గొడవ రాబోతోందన్న సూచన కనిపించగానే అందరికీ తెలియజేయడం దీనిలో ప్రధానమైన పనులు.

నియమాలు కూడా కొన్ని ఉన్నాయి. ఎవరి పక్షమూ పట్టకూడదు. ఏ పార్టీకీ, ఏ వర్గానికీ లొంగి ఉండకూడదు. బయటి నుంచి వచ్చినవాళ్లు సాయమే చేయాలి, నిర్ణయం స్థానికులదే కావాలి.

పోచంపల్లితో ఉన్న లింకు

ఈ ఆలోచనకు మూలం మన దేశంలోనే ఉంది. మత కలహాల దగ్గర పోలీసుల బదులు శాంతి దళాలు పనిచేయాలని గాంధీజీ 1938లో ‘హరిజన్’ పత్రికలో రాశారు. అలాంటి మనిషికి ఉండాల్సిన అర్హతలను కూడా అందులో చెప్పారు. అన్ని మతాల మీదా సమాన గౌరవం ఉండాలి, మచ్చలేని నడవడి ఉండాలి, సాధ్యమైనంత వరకు ఆ ప్రాంతపు మనిషే అయి ఉండాలి, గొడవ ముదిరే దాకా ఆగకుండా ముందే పసిగట్టాలి అన్నారు. 1948 జనవరిలో ఆయన హత్యకు గురవడంతో ఆ పని ఆగిపోయింది.

దాన్ని మళ్లీ ఎత్తుకున్నది వినోబా భావే. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైన సంగతి మన పెద్దలకు తెలిసిందే. భూదానం కోసం ఊరూరా నడుస్తూనే 1957లో కేరళలో వినోబా శాంతి సేనను ప్రారంభించారు. తర్వాత జయప్రకాశ్ నారాయణ్, నారాయణ్ దేశాయ్ దాన్ని నడిపించారు. 1969లో అహ్మదాబాద్ మత కలహాల సమయంలో శాంతి సైనికులు అక్కడ పనిచేశారు. 1970ల మధ్యలో సర్వోదయ ఉద్యమం రెండుగా చీలడంతో సేన బలహీనపడింది.

ఆలోచన మాత్రం దేశం దాటి వెళ్లింది. 1981లో కెనడాలో పీస్ బ్రిగేడ్స్ ఇంటర్నేషనల్ ఏర్పడినప్పుడు నారాయణ్ దేశాయ్ కూడా అందులో ఉన్నారు. 2002లో ఢిల్లీ పక్కనున్న సూరజ్‌కుండ్‌లో జరిగిన సభలో నాన్ వయొలెంట్ పీస్ ఫోర్స్ పుట్టింది. ఇది మొదట 2003లో శ్రీలంకలో, తర్వాత ఫిలిప్పీన్స్‌లోని మిందనావోలో, దక్షిణ సూడాన్‌లో పనిచేసింది. 2014 ఏప్రిల్‌లో దక్షిణ సూడాన్‌లోని బోర్ పట్టణంలో ఐక్యరాజ్యసమితి శిబిరం మీద సాయుధులు దాడి చేశారు. అప్పుడు ఈ సంస్థ కార్యకర్తలు ఇద్దరు ఒక మట్టి గుడిసెలో స్త్రీలు, పిల్లలతో కలిసి ఉన్నారు. సాయుధులు పలుమార్లు వచ్చి బయటికి పొమ్మన్నా వాళ్లు కదల్లేదు. ఆ 14 మంది స్త్రీలు, పిల్లల ప్రాణాలు దక్కాయి.

భివండి నేర్పిన పాఠం

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. ఠాణే జిల్లాలోని భివండి మరమగ్గాల పట్టణం. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్లు, తెలంగాణ నుంచి వెళ్లిన మన పద్మశాలీలు పక్కపక్క గల్లీల్లోనే బతుకుతున్నారు. ఆ ఊరికి చెడ్డపేరు తెచ్చిన గొడవలు రెండు. 1970 మేలో శివజయంతి ఊరేగింపు దగ్గర కలహం మొదలైంది. దాని మీద జస్టిస్ మదన్ కమిషన్ విచారణ జరిపింది. 1984 మేలో భివండిలో రేగిన గొడవ ముంబై, ఠాణేలకూ పాకి రెండు వందలకు పైగా ప్రాణాలు తీసింది.

1988లో భివండికి డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించారు. ఊరంతా కలిపి సుమారు 70 కమిటీలు. ప్రతి కమిటీలో ఆ గల్లీలో ఉండే హిందువులు, ముస్లింలు కలిసి కూర్చునేవారు. ఆ ప్రాంతపు పోలీసులూ వచ్చేవారు. గొడవ వచ్చినప్పుడు మాత్రమే కలిసే పాత శాంతి కమిటీలకూ వీటికీ తేడా ఇక్కడే ఉంది. ఇవి మామూలు రోజుల్లోనూ కలిసేవి. నల్లా దగ్గర తగాదా, పిల్లల కొట్లాట, ఇరుగుపొరుగు పేచీ లాంటి చిన్నవి కూడా అక్కడే మాట్లాడుకునేవారు. దాంతో ఒకరి పేరు ఒకరికి తెలిసింది, పోలీసుల దగ్గరికి వెళ్లే జంకు తగ్గింది.

అసలు పరీక్ష 1992 డిసెంబర్‌లో వచ్చింది. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత డిసెంబర్, జనవరి నెలల్లో ముంబైలో జరిగిన అల్లర్లలో 900 మంది చనిపోయారని శ్రీకృష్ణ కమిషన్ లెక్క చెప్పింది. గతంలో రెండుసార్లు తగలబడిన భివండి మాత్రం ఆ రోజుల్లో ప్రశాంతంగా ఉంది. దాన్ని చూసే 1994లో ముంబైలోనూ మొహల్లా కమిటీల ఉద్యమం మొదలైంది. మాజీ పోలీస్ కమిషనర్ జూలియో రిబెయిరో, సామాజిక కార్యకర్త సుశోభా బర్వే వంటివారు దానికి ముందు నిలిచారు. అశుతోష్ వార్ష్ణే వంటి పరిశోధకులు కూడా భివండి ఉదాహరణను ప్రస్తావించారు. రెండు వర్గాలూ రోజూ కలిసే సంబంధాలుంటే పుకారు అంత తేలిగ్గా మంట కాదని వారి వాదన.

కానీ ఒకసారి పెట్టిన కమిటీ ఎప్పటికీ పనిచేస్తుందనుకోకూడదు. 2006 జూలైలో ఒక పోలీస్ స్టేషన్ కట్టడం మీద భివండిలో గొడవ రేగింది. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు, తర్వాత ఇద్దరు కానిస్టేబుళ్లను చంపేశారు. సంబంధాలను ఎప్పటికప్పుడు నిలబెట్టుకోకపోతే పాత పేరు కాపాడదు.

మన బస్తీలో ఏం చేయొచ్చు?

మనకు ఒక బలం ఉంది. మహారాష్ట్రలో మనవాళ్లు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, కార్ఖానాలో హిందీ మాట్లాడతారు. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడానికి ఇంతకంటే మంచి అర్హత ఏముంటుంది? సంఘాలు, మందిర కమిటీలు, మహిళా మండళ్లు మొదలుపెట్టగలిగేవి ఇవి:

• గల్లీలో అన్ని వర్గాల నుంచి నమ్మకమున్న పది మందిని, అందులో కనీసం సగం మంది ఆడవాళ్లను ఒక జట్టుగా కూర్చండి. ఒకరి ఫోన్ నంబర్ ఒకరి దగ్గర ఉండాలి.
• నెలకోసారి కలవండి. మాట్లాడటానికి గొడవే ఉండనక్కర్లేదు. నీళ్లు, చెత్త, కరెంటు గురించైనా సరే.
• వాట్సాప్‌లో భయపెట్టే వీడియో వస్తే ముందుకు పంపకండి. ఆ చోట ఉన్న మనిషికి ఫోన్ చేసి కనుక్కోండి. అబద్ధమైతే అదే గ్రూపులో రాయండి.
• పండుగ ఊరేగింపు దారి, సమయం ముందే అవతలి వర్గం పెద్దలతో మాట్లాడి ఖాయం చేసుకోండి. ఇరు పక్కలా వలంటీర్లు ఉండాలి.
• ఒంటరి వృద్ధులు, గర్భిణులు, కొత్తగా వచ్చిన వలస కుటుంబాలు ఎక్కడున్నారో రాసిపెట్టుకోండి.
• ఆయుధాలతో గుంపు వస్తే ఎదురు వెళ్లకండి. 112కు ఫోన్ చేసి, జనాన్ని లోపలికి పంపండి. అనుభవం, శిక్షణ లేకుండా మధ్యలో నిలబడటం ధైర్యం అనిపించుకోదు.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. ఎవరో కావాలని పథకం వేసి చేయించే హింసను, పోలీసులు చూసీ చూడనట్టు వదిలేసే హింసను గల్లీ కమిటీ ఒక్కటే ఆపలేదు. పోలీసులు, న్యాయస్థానాలు తమ పని తాము చేయాల్సిందే. అయినా చాలా గొడవలు చిన్న మాటతోనో, ఒక పుకారుతోనో మొదలవుతాయి. ఆ మొదటి గంటలో పక్కింటి మనిషికి ఫోన్ చేయగలిగే పరిచయం మనకు ఉందా లేదా అన్నది చూసుకోవాలి. ఆ పరిచయం ఈ వారమే మొదలుపెట్టుకుందాం.