ఖత్ నుంచి డాంగిల్ దాకా: మా ఇంటి పరదేస్ ఖబర్ల చరిత్ర



పోయిన జుమా రోజు నమాజ్ తర్వాత మా మొహల్లా కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. అనంతపురం పాతూరులోనే పుట్టి పెరిగినవాడు. దమ్మామ్‌లో రెండేళ్ల కాంట్రాక్టు దొరికింది. "చాచా, అక్కడ లాప్‌టాప్‌కు నెట్ ఎట్ల? మన సిమ్మే రోమింగ్‌లో పెట్టుకోనా?" అని అడిగాడు. రోమింగ్ వద్దు బేటా, తన్ఖా అంతా దానికే పోతుందన్నాను. ఇఖామా చేతికి రాగానే దాని మీద అక్కడి సిమ్ తీసుకో, వేలిముద్ర వేయమంటారు, వెయ్యి. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెడితే లాప్‌టాప్‌కు నెట్ వస్తుంది. పని ఎక్కువుంటే డేటా సిమ్ వేరేగా తీసుకుని చిన్న రౌటర్‌లో వేసుకో అని చెప్పాను.

"అంతేనా?" అన్నాడు.

ఆ "అంతేనా" దాకా రావడానికి మా ఖాందాన్‌కు మూడు తరాలు పట్టింది. వాడికి టీ ఇచ్చి పంపించాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇదంతా ఒకసారి రాసి పెట్టాలనిపించింది.

మా దాదా 1966లో హజ్‌కు పోయారు. బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి జిద్దాకు ఓడ. ఇంటికి ఒక్కటే ఖత్ వచ్చిందట. అది అందేసరికి దాదా తిరుగు ఓడ ఎక్కేశారు. అప్పట్లో పరదేస్ పోయినవాళ్ల ఖబర్ అంటే వాళ్లు తిరిగి రావడమే. ఆ ఓడల సఫర్ 1995లో పూర్తిగా ఆగిపోయింది.

అబ్బా కాలానికి పోయే కారణం మారింది. మన జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన. పడమటి కనుమలు నైరుతి మబ్బులను ముందే పిండేస్తాయి, తూర్పు నుంచి వచ్చే మబ్బులు ఇంత దూరం వచ్చేసరికి ఖాళీ అవుతాయి. వేరుశనగ వేసినోడు ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి. మరో పక్క 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి, గల్ఫ్ దేశాల్లో రోడ్లు, ఇళ్లు, ఓడరేవులు లేవడం మొదలైంది. కదిరి, రాయచోటి, కడప వైపు నుంచి మన వాళ్లు కువైట్, సౌదీ దారి పట్టారు. అబ్బా 1982లో లారీ డ్రైవర్‌గా రియాద్ పోయారు. మరుసటి ఏడు, 1983లో, ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. చదువు తక్కువున్నవాళ్ల పాస్‌పోర్టు మీద పడే ముద్ర గురించి మా ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇక ఖత్‌ల సంగతి. అమ్మీ ఖురాన్ షరీఫ్ చక్కగా తిలావత్ చేసేది, కానీ తెలుగు రాయడం, చదవడం రాదు. అబ్బాకు సర్కారు బడి చదువు, తెలుగే రాసేవారు. మియా రాసింది బీవీ చదవలేదు, బీవీ చెప్పేది మియాకు చేరాలంటే మధ్యలో ఇంకొకరు ఉండాలి. మొదట్లో పోస్ట్‌మ్యానే చదివి పెట్టేవాడు. తర్వాత పక్కింటి టీచర్. నాకు ఎనిమిదేళ్లు నిండేసరికి ఆ నౌకరీ నాకొచ్చింది.

నీలం రంగు ఏరోగ్రామ్ మీద నేను రాసేవాణ్ని. మొదటి లైను ఎప్పుడూ ఒకటే. ఇక్కడ మేమంతా ఖైరియత్, మీ ఖైరియత్ కోసం అల్లాహ్‌కు దువా చేస్తున్నాం. ఆ తర్వాత వాన పడిందా లేదా, బోరులో నీళ్లు ఎంత, కాయలు ఎన్ని మూటలు. బోరు ఎండిన ఏడు అమ్మీ తన కడాలు కుదువ పెట్టింది. "అది రాయద్దు. ఖైరియత్ అని రాయి" అంది. రాశాను. అబ్బా జవాబు నెల రోజులకు వచ్చింది. ఆయన కూడా ఖైరియత్ అనే రాశారు. ఆయన ఆ నెలంతా జ్వరంతో పడున్నారని చాలా ఏళ్లకు తెలిసింది.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. సెలవు మీద వచ్చినవాళ్లు టేప్ రికార్డర్ తెచ్చేవాళ్లు, తిరిగి పోయేటప్పుడు మన మాటలు నింపిన క్యాసెట్ పట్టుకుపోయేవాళ్లు. ఇప్పుడు చదివిపెట్టే మనిషి అక్కర్లేదు. కానీ మా ఇంట్లో టేప్ నొక్కితే మొహల్లా సగం వచ్చి చుట్టూ కూర్చునేది. దాదీ దువా, ఫూఫీ ఏడుపు, నా ఎక్కాలు, బయట మొహర్రం డప్పు, అన్నీ ఎక్కేవి. అమ్మీ వంతు వచ్చేసరికి సలాం, ఖైరియత్, అంతే. 1986లో నామ్ సినిమాలో పంకజ్ ఉధాస్ చిట్ఠీ పాట వచ్చాక ఆ పాట ముందు ఎక్కించి తర్వాత మాటలు ఎక్కించడం ఫ్యాషన్ అయింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ ఫౌజ్ కువైట్‌లో దిగింది. మా మామూ అప్పుడు అక్కడే ఉన్నారు. ఫోన్లు లేవు, ఖత్‌లు లేవు. రాత్రిపూట బీబీసీ ఉర్దూ రేడియో ముందు నానీ తస్బీహ్ పట్టుకుని కూర్చునేది. అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాలు రెండు నెలల పాటు తిరిగి లక్ష మందికి పైగా మన దేశస్థులను తెచ్చాయి. మామూ బతికి ఉన్నారన్న ఖబర్ మాకు మామూ గుమ్మంలోకి వచ్చాకే తెలిసింది. దాదా హజ్ నాటి పద్ధతే మళ్లీ.

అప్పటికే 1984లో పెట్టిన సీ-డాట్ పుణ్యమా అని చిన్న ఊళ్లకు కూడా టెలిఫోన్ ఎక్స్చేంజీలు వచ్చాయి, పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు లేచాయి. ఇంట్లో ఫోన్ లేనివాళ్లు పొరుగింటి నంబర్ రాసి పక్కన పి.పి. అని పెట్టేవాళ్లు. అబ్బా ఫోన్ చేస్తే పొరుగింటి పిల్లోడు పరుగెత్తుకొచ్చి పిలిచేవాడు. అమ్మీ బుర్ఖా సర్దుకుని పోయేసరికి లైను కట్. మళ్లీ వచ్చినా, వాళ్ల హాల్లో వాళ్లందరి ముందు నిలబడి మాట్లాడాలి. బూత్‌లోనైతే ఎర్ర అంకెల మీటర్ తిరుగుతుంటుంది, అద్దం తలుపు బయట వరస. అమ్మీ కళ్లు మీటర్ మీదే. "ఖైరియత్. పెట్టేస్తున్నా."

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. సౌదీలో సామాన్యులకు అది 1999లో వచ్చింది. అబ్బా అంతకు ఒక ఏడు ముందే, 1998లో, నడుం నొప్పితో వతన్ తిరిగొచ్చేశారు. పదహారేళ్ల ఖత్‌లు ఒక ట్రంకు పెట్టెలో సర్దారు.

2009లో నా వంతు. రియాద్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర లెక్కల పని, రెండేళ్లు. అప్పటికి సౌదీలో మొబైలీ 2006 నుంచే 3జి ఇస్తోంది, 2008లో జైన్ కూడా దిగింది. మన దేశంలో ప్రైవేటు కంపెనీలకు 3జి వేలం జరిగింది 2010లో. అంటే మా రూమ్‌లో గాలిలో వచ్చే నెట్, అనంతపురంలో బీఎస్ఎన్ఎల్ ఫోన్ తీగ మీద వచ్చే నెట్ కంటే ముందుంది.

ఆ గాలిని లాప్‌టాప్‌లోకి దించేది డాంగిల్. బొటనవేలంత వస్తువు. లోపల సిమ్ వేసి యూఎస్‌బీలో గుచ్చితే లాప్‌టాప్ దాన్ని మొదట సీడీ అనుకుంటుంది. ఎందుకంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అందులోనే దాచి ఉంటుంది. అది ఎక్కించాక అదే వస్తువు మోడెమ్‌గా మారుతుంది. ఏపీఎన్ అనే పేరు సరిగ్గా కొట్టాలి, డయల్ నంబర్ స్టార్ 99 హ్యాష్. ఒక్క అక్షరం తప్పినా నెట్ రాదు. నేను బత్‌హా బజారులో కొన్న మొదటిది ఒకే కంపెనీ సిమ్‌కు తాళం వేసింది. వేరే సిమ్ వేస్తే పలకలేదు. దుకాణం వాడు వెనక్కి తీసుకోలేదు. వారం తన్ఖా ఎగిరిపోయింది. రెండోది కొన్నాక రూమ్ లోపల సిగ్నల్ లేదు. పొడుగు యూఎస్‌బీ తీగ తెచ్చి డాంగిల్‌ను కిటికీ ఊచకు కట్టాం. అప్పుడు లైటు రంగు మారింది. ఆరుగురం ఉన్న రూమ్. ఎవరి వంతు ఎప్పుడని గోడ మీద కాగితం అంటించుకున్నాం.

ఇంటి దగ్గర నా తమ్ముడు కంప్యూటర్, కెమెరా పెట్టించాడు. రియాద్‌కు, మనకు రెండున్నర గంటల తేడా. నా వంతు శుక్రవారం పొద్దున ఎనిమిది, అంటే అక్కడ పదిన్నర, జుమాకు ముందు. యాహూ మెసెంజర్‌లో మొదటిసారి కనిపించినప్పుడు అమ్మీ తెరను చేత్తో తడిమింది. అబ్బా ఏమీ అనలేదు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

అప్పుడు నా బీవీ మూడో నెలలో ఉంది. రెండు వారాలుగా అడిగితే "ఖైరియత్" అంటోంది. మూడో శుక్రవారం అమ్మీ హఠాత్తుగా లేచి, అబ్బాను, తమ్ముణ్ని, చూడ్డానికొచ్చిన పక్కింటి ఆపాను, అందరినీ బయటకు నడిపించింది. "మీరిద్దరు మాట్లాడుకోండి" అని తలుపు వేసింది. ఇటు వైపు నా రూమ్ వాళ్లు కూడా నేను అడక్కముందే నాష్తాకని లేచిపోయారు. అప్పుడు చెప్పింది నా బీవీ. రక్తం కనబడుతోందని, డాక్టరమ్మ మంచం దిగొద్దందని, భయంగా ఉందని. కఫీల్ కాళ్లా వేళ్లా పడి ఇరవై రోజుల సెలవు తెచ్చుకున్నాను. అల్హమ్దులిల్లాహ్, నా బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

ఆ సెలవులో ఒక సాయంత్రం అమ్మీని అడిగాను, ఆ రోజు అందరినీ ఎందుకు బయటకు పంపినావని. చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

"1987లో మీ అబ్బా సెలవు మీద వచ్చిపోయినాక నాకు నెల తప్పింది. మూడో నెలలో పోయింది. నాలుగు దినాలు లేవలేదు. నీకు తెలీదు, నానీ ఇంటికి పోయినానని చెప్పినారు. తర్వాత నీతోనే ఖత్ రాయించినా. పదేండ్ల పిల్లోనితో అది ఎట్ల రాయించేది రా?"

ట్రంకు పెట్టె తెరిచి ఆ ఏటి ఖత్‌లు వెతికాను. దొరికింది. వంకర అక్షరాలు, నావే. ఇక్కడ మేమంతా ఖైరియత్. వాన పడలేదు.

ఆ తర్వాతి తారీఖ్ మీకు తెలిసిందే. 2013 జూన్‌లో సౌదీ వైబర్‌ను ఆపింది. 2015లో వాట్సాప్ కాల్ వచ్చింది, మరుసటి ఏడు వీడియో కూడా. 2016 సెప్టెంబర్‌లో జియో రావడంతో పల్లెల్లో కూడా చేతిలోకి నెట్ దిగింది. 2017 సెప్టెంబర్‌లో సౌదీ ఇంటర్నెట్ కాల్స్ మీద బందిష్ ఎత్తేసింది. నా డాంగిల్ ఇప్పుడు అదే ట్రంకు పెట్టెలో, ఖత్‌ల పక్కన ఉంది.

నిన్న ఆ కుర్రాడి ఇంటికి పోయాను, లాప్‌టాప్ సర్ది పెడదామని. పని అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే వాళ్ల అమ్మీ దుపట్టా సర్దుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. చేతిలో కొత్త ఫోన్. గొంతు తగ్గించి అడిగింది.

"భాయీ, ఈ వీడియో కాల్ ఎత్తేది నాకు నేర్పండి. చిన్నోన్ని పిలవకుండా, నేనే ఎత్తుకునేట్లు."

చెప్పులు విప్పి మళ్లీ లోపలికి పోయి కూర్చున్నాను.