మొదటి బంతి ఎవరిది?

శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో ఇవాళ సంక్రాంతి పెద్ద పండగ భోజనం నాలుగైదు రకాలుగా జరుగుతోంది. కొన్ని ఇళ్ళలో హాల్లో చాపలు పరిచి అరిటాకులు వేస్తారు. కొన్నిచోట్ల డైనింగ్ టేబుల్, స్టీలు కంచాలు. విశాఖ, హైదరాబాద్ నుంచి పిల్లలందరూ దిగితే పెరట్లో చిన్న శామియానా, దాని కింద బఫే. ఇంకొన్ని ఇళ్ళలో ఎవరికి ఆకలేసినప్పుడు వాళ్ళు పళ్ళెం పట్టుకుని టీవీ ముందు కూర్చుంటారు. వీటిలో ఏ పద్ధతీ ముందుదాన్ని పూర్తిగా తోసెయ్యలేదు. ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తే ఆకు, కంచం, బల్ల మారిన తీరు సులువుగానే తెలుస్తుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు వడ్డించారు, ఎవరు ఆఖర్న తిన్నారు అన్నది చూడాలంటే కాస్త కష్టపడాలి. నాకు ఆసక్తి ఆ రెండోదాని మీదే.

వంశధార ఒడ్డున శ్రీముఖలింగం, ఒకప్పటి తూర్పు గాంగుల కళింగనగరం, ఇక్కడికి దగ్గరే. అక్కడి శాసనాల్లో, శ్రీకూర్మం స్తంభాల మీద దీపాలకీ నైవేద్యాలకీ ఇచ్చిన దానాలు చాలా కనిపిస్తాయి. దేవుడికి ఏం పెట్టాలో రాతి మీద చెక్కించినవాళ్ళు మనుషులు ఎలా తిన్నారో చెక్కించలేదు. అదే గాంగ వంశంలోని అనంతవర్మ చోడగంగు 12వ శతాబ్దంలో పూరీ ఆలయం తలపెట్టాడు. పూరీ ఆనందబజారులో మహాప్రసాదాన్ని కులం అడగకుండా కలిసి తింటారు. ఆ ప్రసాదం కళ్ళకద్దుకుని తిన్న భక్తుడే ఇంటికొచ్చాక ఎవరి పంక్తి వాళ్ళదే అనేవాడు.

మనుషుల భోజనం సంగతి కావ్యాల్లో దొరుకుతుంది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ఈ దిక్కుకి వచ్చి పొట్నూరులో జయస్తంభం వేయించాడు. ఆయన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలానికి తగ్గ భోజనం ఆ కాలంలో పెడతాడు. జడివానల్లో భార్య కళ్ళకి పొగ తగలకుండా కొబ్బరి డొక్కలు మండించి వండితే అన్నం, పప్పు, నాలుగైదు వేపుడు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి వడ్డిస్తాడు. పొయ్యి దగ్గర ఆమె, వడ్డన దగ్గర ఆయన. అయిదు వందల ఏళ్ళ కిందటి ఆ పని పంపకం మన ఇళ్ళలో ఇప్పటికీ అరుదే.

ఇక విస్తరి. అరిటాకు కొస కూర్చున్నవాళ్ళ ఎడమచేతి వైపు ఉండాలి, వెడల్పు భాగం కుడిచేతి వైపు. కుడిచేయి మెదిలే చోట అన్నం కలుపుకోడానికి జాగా కావాలి కదా, అందుకు. నీళ్ళు చిలకరించి చేత్తో తుడుస్తారు. ఎడమ కొసన ఉప్పు, పచ్చడి, ఆవకాయ. పై వరసలో పులిహోర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, వేపుడు. కుడివైపు బూరెలు, పరమాన్నం. మధ్యలో అన్నం, దాని మీద ముద్దపప్పు, నెయ్యి. గుమ్మడికాయ దప్పళం వచ్చేసరికి అన్నంలో గుంట చేసుకోవడం తెలియకపోతే అది ఈనె వెంట జారి ఒళ్ళోకి వస్తుంది. ఐరోపాలో 19వ శతాబ్దం దాకా పెద్ద విందుల్లో వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవారు. ఆ తరవాత రష్యా పద్ధతి వచ్చి, ఒకదాని తరవాత ఒకటి తెచ్చి వడ్డించడం మొదలైంది. మన విస్తరిలో ఆ రెండూ ఉన్నాయి. పొడివి ముందే వేసి ఉంటాయి, పలచనివి వరసగా వస్తాయి. ఎవరికి ఏది తక్కువైందో కనిపెట్టి మళ్ళీ వెయ్యడం వడ్డించేవాళ్ళ నేర్పు.

ఆ నేర్పులోనే పక్షపాతమూ ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత ఊరికే పుట్టలేదు. నెయ్యి ఎవరి దగ్గర ధారగా పడింది, ఎవరి దగ్గర చుక్కగా పడింది అన్నదాని మీద చుట్టరికాలు చెడిన ఇళ్ళున్నాయి.

ఎడమ కొసన పడే ఆ ఉప్పు ఈ ప్రాంతానికి నౌపడా ఉప్పు మళ్ళ నుంచి వచ్చేది. 1900లో నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి దాకా చిన్న రైలు నడిచింది. తరవాత అది గుణుపురం దాకా సాగింది. పండగ చుట్టాలు పెట్టెలతో దిగింది ఆ బుల్లి బండి లోంచే. 2004లో నేరోగేజి ఆగిపోయి, 2011లో బ్రాడ్‌గేజి అయి మళ్ళీ తిరిగింది.

అరిటాకు పెరడున్న ఇంటిది. ఎక్కువమందికి పెట్టాలంటే అడ్డాకే దిక్కు. మెళియాపుట్టి, సీతంపేట కొండల్లో అడ్డతీగ పెద్ద చెట్ల మీదికి పాకుతుంది. మధ్యలో చీలినట్టుండే దాని వెడల్పాటి ఆకులు సవర, జాతాపు ఆడవాళ్ళు కోసి, ఆరబెట్టి, సన్నటి వెదురు పుల్లలతో కుడతారు. కుట్టు సందుల్లోంచి చారు కారకుండా ఆకు మీద ఆకు ఎక్కించి కుట్టడం నేర్చుకోవాల్సిన పనే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో ఈ ఆకూ ఉంది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆకు విస్తరి అన్ని కులాల ఇళ్ళకీ నచ్చడానికి శుభ్రత ఒక్కటే కారణం కాదు. కంచమైతే ఇంతకు ముందు ఎవరు తిన్నారన్న ప్రశ్న వస్తుంది, ఒక్కసారి వాడి పారేసే ఆకుకి ఆ ప్రశ్న లేదు. ఆ ఆకు కుట్టిన సవర మనిషిని మాత్రం ఆ బంతిలో కూర్చోనివ్వలేదు. వాళ్ళకీ పండగ బంతి ఉంది. కందికొత్తలు, మామిడికొత్తలు అనే పండగలు చేసుకునేదాకా ఆ కొత్త పంట ఇంటిల్లిపాదీ ముట్టరు.

బంతి వరస కదలడం 19వ శతాబ్దం చివర మొదలైంది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు గొడవ పెళ్ళి మంత్రాల దగ్గరే కాదు, భోజనం దగ్గరా వచ్చింది. ఆ ఇంట్లో తిన్నవాళ్ళని వెలివేశారు, ప్రాయశ్చిత్తం చేసుకోమన్నారు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలని ఇంటికి రప్పించుకుని వాళ్ళ భాష నేర్చుకున్నాడు. హేలీ తోకచుక్క కనబడిన 1910లో గురజాడ రాసిన ‘ముత్యాల సరాలు’ వెనక కులాల పట్టింపు లేని సహపంక్తి భోజనాల రభస ఉంది. ఒక్క పూట కలిసి తినడం కవిత్వం రాయాల్సినంత పెద్ద విషయం అప్పట్లో!

తరవాత బంతుల మధ్య వచ్చిన గీత వేరే రకం, అది రాష్ట్రాల సరిహద్దు. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి ప్రత్యేక ఒరిస్సా కోసం వాదించాడు. 1936 ఏప్రిల్ 1న ఆ రాష్ట్రం వచ్చింది. పర్లాకిమిడి అటు, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఇటు, మధ్యన మహేంద్రతనయ నది. లండన్‌లో ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడిన మాటలు ఇక్కడ ఒకే కుటుంబం పండగ బంతిని రెండు రాష్ట్రాల మీద పరిచాయి. అయినా వియ్యాలు ఆగలేదు. పాతపట్నంలోని నీలమణిదుర్గ గుడికి రెండు ఒడ్ల నుంచీ జనం వస్తూనే ఉన్నారు.

కంచాల సంగతి క్లుప్తంగా. పక్కనే సారవకోట మండలం బుడితిలో కంచు, ఇత్తడి పనివాళ్ళున్నారు. కలిగిన ఇళ్ళలో అల్లుడికి కంచు కంచం, మిగతావాళ్ళకి ఆకు. తరవాత సత్తు, ఆపైన స్టీలు వచ్చాయి. స్టీలుతో కడగడం తేలికైంది, కడిగేవాళ్ళు మాత్రం మారలేదు. డైనింగ్ టేబుల్ మొదట ఉద్యోగస్థుల ఇళ్ళకి వచ్చింది. చాలా ఏళ్ళు దాని మీద ఇస్త్రీ బట్టలూ పిల్లల పుస్తకాలూ ఉండేవి. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక అది నిజంగా భోజనాల బల్ల అయింది. బల్ల చేసిన మేలు ఒకటుంది: ఆరు కుర్చీలుంటే ఆరో కుర్చీలో ఇంటావిడ కూర్చోడానికి చోటు దొరికింది. బఫే ఇంకో మేలు చేసింది. పళ్ళెం పట్టుకుని నిలబడ్డవాళ్ళలో ఎవరి కులమేమిటో వరస చెప్పలేదు. తిండి రుచి మాత్రం నిలబడి తింటే సగం పోతుంది, ఆ మాట నేను ఒప్పుకోక తప్పదు.

థర్మాకోల్ పళ్ళేలు మధ్యలో వచ్చి ఊరి కాలవలన్నీ పూడ్చేశాయి. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్, థర్మాకోల్ పళ్ళేలని నిషేధించారు. ఇప్పుడు మెషీను మీద అట్ట పెట్టి నొక్కిన విస్తళ్ళు దొరుకుతున్నాయి. చారు కారదు, నిజమే. పుల్లతో కుట్టిన అడ్డాకు మీద వేడన్నం పడితే వచ్చే వాసన మాత్రం వాటికి లేదు.

ఉత్తరాంధ్ర ఇళ్ళలో పెద్ద పండగ నాడు మొదటి విస్తరి చనిపోయిన పెద్దలకి. కొత్త బట్టలు పక్కన పెట్టి, వండినవన్నీ వడ్డించి, దణ్ణం పెట్టుకున్నాకే మిగతావాళ్ళ బంతి. పోయినవాళ్ళకి మొదటి విస్తరి వేస్తాం, ఉన్న మగవాళ్ళకీ పిల్లలకీ రెండోది, తెల్లారుజామున లేచి బూరెలు వండినావిడకి ఆఖరుది, అదీ దప్పళం అడుగంటాక. కులం వరస కదిలింది, ఇంటి లోపలి వరసే ఇంకా కదల్లేదు.

ఈ సంక్రాంతికి పాతపట్నం బజార్లోనో సీతంపేట సంతలోనో రెండు కట్టలు అడ్డాకు విస్తళ్ళు కొనండి, బేరం ఆడకండి. పెద్దలకి పెట్టాక వండినవాళ్ళని మొదటి బంతిలో కూర్చోబెట్టండి. వడ్డన మగపిల్లలు చూసుకుంటారు. నెయ్యి గిన్నె వాళ్ళ చేతికివ్వండి.