ప్రభుత్వ గృహ పథకాల ఫిర్యాదులు

ప్రభుత్వ సహాయంతో నిర్మించిన ఇండ్లలో నివసించే పేద కుటుంబాలకు బిల్లులు, పట్టా, మరమ్మతులు, ఖాళీ చేయించడం మొదలైన విషయాలలో సమస్యలు ఎదురవుతుంటాయి. వీటిని అధికారుల దృష్టికి తెచ్చి పరిష్కారం పొందే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఉదాహరణకు తెలంగాణలోని కేసముద్రం మండలాన్ని తీసుకోవడం జరిగింది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ మండలం 2016 అక్టోబరు 11 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరినది. కావున ఇక్కడివారు జిల్లా స్థాయి అర్జీలను మహబూబాబాదులోనే ఇవ్వవలెను.

నేపథ్యం

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2006లో ఇందిరమ్మ పథకం మొదలైనది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2015లో రెండు పడక గదుల ఇండ్ల పథకం వచ్చినది. ఇందులో 560 చదరపు అడుగుల ఇంటిని లబ్ధిదారు వాటా లేకుండా ప్రభుత్వమే కట్టించి ఇచ్చేది. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకంలో లబ్ధిదారు తన స్థలంలో కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు కట్టుకొనవలెను. ప్రభుత్వం 5 లక్షల రూపాయలు నాలుగు విడతలుగా ఇస్తుంది. పునాదికి 1 లక్ష, గోడలకు 1.25 లక్షలు, స్లాబుకు 1.75 లక్షలు, ఇల్లు పూర్తయిన పిదప 1 లక్ష చెల్లిస్తారు.

లబ్ధిదారు, కిరాయిదారు

కిరాయిదారుకు యజమానితో ఒప్పందం ఉంటుంది. పథకం ఇంటిలో ఉండే కుటుంబానికి ఉండేది ప్రభుత్వ మంజూరు పత్రం లేదా పట్టా. ప్రభుత్వం పేదలకు కేటాయించిన ఇంటి స్థలాలను అమ్మడం, కొనడం 1977 నాటి అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం చెల్లదు. తెల్లకాగితంపై వ్రాయించుకొని కొన్నవారిని అధికారులు నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చును. అప్పుడు వారు కట్టిన సొమ్ముకూ రక్షణ ఉండదు. ఇటువంటి బేరాలలో ఎక్కువగా నష్టపోయేది మరొక పేద కుటుంబమే.

అర్జీ ఇచ్చే విధానం

* బిల్లు ఆగినచో గ్రామంలో పంచాయతీ కార్యదర్శిని, పట్టణంలో పురపాలక కార్యాలయాన్ని ముందుగా సంప్రదించవలెను. నిర్మాణ దశ ఫొటో నమోదు కాకపోవడం, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం లేకపోవడం ఇందుకు సాధారణ కారణాలు.
* నిర్మాణ లోపాలను గృహనిర్మాణ శాఖ ఇంజనీరుకు, పట్టా లేదా హద్దుల విషయాన్ని తహశీల్దారుకు తెలుపవలెను.
* అక్కడ పని జరగకపోతే సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చును.

నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకు ఆధారం మిగలదు. అర్జీలో మంజూరు సంఖ్య, సమస్య మొదలైన తేదీ, కోరుతున్న పరిష్కారం స్పష్టంగా వ్రాసి, నకలుపై కార్యాలయ ముద్ర, తేదీ వేయించుకొనవలెను. పై అధికారి వద్దకు గాని న్యాయస్థానానికి గాని వెళ్ళినప్పుడు ఆ నకలే సాక్ష్యం.

సమాచార హక్కు

అర్జీ ఏ దశలో ఉన్నదో, పేరును ఎందుకు తొలగించారో 2005 సమాచార హక్కు చట్టం ద్వారా అడుగవచ్చును. గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము చెల్లించనక్కరలేదు. 30 రోజులలో సమాధానం రాకపోతే ఆ తరువాతి 30 రోజులలో మొదటి అప్పీలు చేసుకొనవచ్చును.

ఉచిత న్యాయ సహాయం

1987 న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. ఇండ్ల పట్టాలు సాధారణంగా మహిళల పేరున ఉండుట వలన, కేసముద్రం మండలంలో లంబాడీ తండాలు ఉన్నందున, ఇక్కడి లబ్ధిదారులలో చాలామందికి ఈ హక్కు వర్తిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

ఖాళీ చేయమని నోటీసు వచ్చినచో గడువు లోపలే వ్రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలెను. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడి ఉన్నదని, చట్టబద్ధమైన పద్ధతి పాటించకుండా నివాసం నుండి తొలగించరాదని సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో తెలిపినది. బొంబాయి కాలిబాట నివాసుల విషయంలో ఇచ్చిన ఈ తీర్పును ఇండ్ల ఖాళీకి సంబంధించిన వివాదాలలో నేటికీ ఉదహరిస్తుంటారు.