సింకోనా చెట్టు - పేదవాని జ్వరము

చేదునకు వేపను జెప్పుట మనవారి వాడుక. కాని చలిజ్వరముతో గడగడ వణకినవారి నడిగినచో, వేపను మించిన చేదొకటి కలదనియు, దాని పేరు కొయినా యనియు జెప్పుదురు. వెనుకటి తరములవారి ఇండ్లలో ఆ మందు పేరు వినగనే పిల్లలు మంచము క్రింద దూరెడివారు. పెద్దలు "అది వేడి చేయును, చెవులు గింగురుమనును" అని సందేహించెడివారు. చెవులు గింగురుమనుట నిజమే. క్వినైను హెచ్చుగా దీసికొన్నవారికి అది కలుగుచుండును. కాని ఆ భయముచేత సగము మోతాదుతో మందు మానివేసి, జ్వరము తిరుగబెట్టగా మంత్రగాని యింటికి బోయినవారు మన పల్లెలలో బెక్కుమంది. ఆ మందు ఏ చెట్టునుండి వచ్చినది? మన దేశమున నెక్కడ బెరిగినది? ఎవరికి జేరినది, ఎవరికి జేరలేదు? ఈ కడపటి ప్రశ్నయే నాకు ముఖ్యమైనది.

సింకోనా దక్షిణ అమెరికా ఖండపు చెట్టు. పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశములలో ఆండీస్ కొండల వాలులందు, మబ్బు విడువని యడవులలో నిది స్వయముగా బెరుగును. పూలు గుత్తులుగా బూచి మంచి వాసన గలిగి యుండును. కాఫీ చెట్టును, బందరు అద్దకపు బట్టలకు ఎఱుపునిచ్చిన చిరివేరును దీనికి జ్ఞాతులే. దీని బెరడు జ్వరహరమని పదునేడవ శతాబ్దమున జెసూయిట్ పాదరీలు యూరపునకు దెలిపిరి.

ఈ చెట్టు పేరులోనే ఒక యసత్యము దాగియున్నది. పెరూ దేశమునకు 1629 మొదలు 1639 వఱకు స్పెయిను రాజప్రతినిధిగా నుండిన చించోన్ ప్రభువు భార్యకు చలిజ్వరము రాగా, ఈ బెరడుతో నయమయ్యెననియు, ఆమె దానిని స్వదేశమునకు గొనిపోయి పేదలకు బంచెననియు నొక కథ కలదు. స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఆ కథను నమ్మి 1742లో చెట్టునకు ఆమె పేరు పెట్టెను. పెట్టుటలో నొక యక్షరమును గూడ జాఱవిడిచెను. పిమ్మట పరిశోధకులు విచారింపగా, ఆ ప్రభువు మొదటి భార్య అతడు పెరూకు బోకమునుపే, 1625లో, స్పెయినులోనే మరణించినట్లు తేలినది. రెండవ భార్య పెరూలో నుండెను గాని తిరుగు ప్రయాణమున 1641లో దారిలోనే కన్నుమూసెను. కథ పోయినది, పేరు నిలిచినది. పాదరీలకు ఆ బెరడును జూపిన కొండజాతుల వారిలో ఒక్కరి పేరైనను మనకు దక్కలేదు.

1820లో పారిసు నగరమున పెల్లెటియె, కవాంతూ అను నిరువురు రసాయనవేత్తలు బెరడునుండి క్వినైనును వేఱుచేసిరి. నాటినుండి దానికి గిరాకి మితిమీఱెను. ఉష్ణదేశములలో సైన్యములను నిలుపగోరు ప్రభుత్వముల కిది తుపాకిమందుతో సమానమైన సరకయ్యెను. అడవులలో చెట్లను నఱకుటయే గాని నాటుట లేదు. ఆండీస్ దేశములవారు విత్తనములు, మొక్కలు ఎల్లలు దాటరాదని నిషేధములు చేయసాగిరి. నిషేధము వారి హక్కే. ఆ హక్కును మన్నించిన వారు మాత్రము లేరు.

1860లో క్లెమెంట్స్ మార్క్‌హామ్ అను నాంగ్లేయుడు ప్రభుత్వమువారి పనుపున పెరూ కొండలలో మొక్కలు సేకరించెను. ఆ మొక్కలు ప్రయాణపు టెండలకు దాళలేక నశించెను. ఈక్వడార్‌లో రిచర్డ్ స్ప్రూస్ సేకరించిన యెఱ్ఱబెరడు జాతి మాత్రము బ్రదికినది. అతడు పంపినవి 637 మొక్కలు, లక్ష విత్తనములు. అవి 1861లో ఉదకమండలమునకు జేరెను. అచ్చటి ప్రభుత్వ వనమున మాకైవర్ అను తోటమాలి వానిని పెంచుట కారంభించెను. తోటమాలి యనుట చిన్నచూపు కాదు. ఆ పనియందు అతనికి మించిన పండితులు నాడు లేరు.

సింకోనా విత్తనము దూదిపింజ వలె తేలిక, ఱెక్క గలది. తులమెత్తు విత్తనములలో వేలకొలది మొలక లుండును. అది మొలకెత్తుటకు నీడయు, తడియు గావలెను. పెరుగుటకు వానలు సమృద్ధిగా గురియవలెను గాని నీరు వేళ్ళచెంత నిలువరాదు. నిలిచినచో వేరు కుళ్ళును. మంచు గడ్డకట్టిన రాత్రి యొకటి చాలును, లేతమొక్క మాడిపోవుటకు. జావా ద్వీపమున డచ్చివారు అడవిచెట్ల నీడలోనే దీనిని బెంచవలెనని తలంచి, క్వినైను మిక్కిలి తక్కువగల జాతి నొకదానిని పదిలక్షలకు మించి నాటి మోసపోయిరి. మాకైవర్ మొక్కలను వెలుతురున నాటించెను. దొడ్డబెట్ట శిఖరపు వాలులలో ఒక జాతిని, అంతకంటె దిగువనున్న నడువట్టమున ఎఱ్ఱబెరడును బెంచెను. చెట్టును గొట్టకుండ బెరడును నిలువు పట్టీలుగా నొలిచి, ఒలిచిన చోట నాచు గట్టినచో క్రొత్త బెరడు పుట్టుననియు, అందు మందు మఱింత హెచ్చుగా నుండుననియు నతడు కనిపెట్టెను. గాయమునకు గట్టుగట్టి పాలు పిదికినట్లున్నది ఈ యుపాయము! చెట్టును జంపక ఫలమును గొనుట మన రైతున కెన్నడును తెలిసిన ధర్మమే గాని, బెరడు విషయమున నది చేసిచూపినవాడు మాకైవర్.

అయితే ఆ తోటలలో కొండ ద్రవ్విన చేతు లెవ్వరివి? మలయా ప్రాంతపు ఆంగ్ల వలసలనుండి దెచ్చిన చీనా ఖైదీలను నడువట్టమున నుంచి వారిచే బని చేయించిరి. వారి కొఱకు గట్టిన చెఱసాల నేటికిని నిలిచియున్నది. జ్వరమునుండి మానవకోటిని విడిపించు మందునకు పునాది సంకెళ్ళ కాళ్ళచే ద్రొక్కబడిన మన్ను.

ఇంతకంటె దుఃఖకరమైనది బొలీవియా కథ. చార్లెస్ లెడ్జర్ అను వర్తకునికడ మాన్యుయెల్ ఇంక్రా మామాని యను స్థానికుడు పనిచేయుచుండెను. ఏ చెట్టు బెరడు శ్రేష్ఠమో చూపు మాత్రముననే చెప్పగల నేర్పరి. మంచు వలన పూత మాడిపోగా నతడు నాలుగేండ్లు వేచియుండి, 1865లో ఉత్తమ జాతి విత్తనములను దెచ్చి యజమానికిచ్చెను. లెడ్జర్ వానిని లండనుకు బంపెను. అచ్చట క్యూ వనాధ్యక్షుడు విలియం హుకర్ ఆ యేటనే మరణించి యుండెను. ఆంగ్ల ప్రభుత్వము విత్తనములను గొనలేదు. డచ్చివారు ఒక పౌను కొనిరి. మిగిలినవానిని భారతదేశపు తోటల యజమాని యొకడు కొన్నను, ఇచ్చట నవి దక్కలేదు. డచ్చివారి పౌనులోనివి జావాలో మొలచి, ఎఱ్ఱబెరడుకంటె నెన్నో రెట్లు క్వినైను గల తోటలైనవి. చేతికందిన నిధిని మన పాలకులు గుర్తింపలేకపోయిరి. ఇక మామాని? విత్తనము దాటించిన నేరమునకు అతనిని చెఱబెట్టి కొట్టి పస్తులుంచిరనియు, విడుదలయైన కొలదికాలమునకే మరణించెననియు లెడ్జర్ తెలిపెను. ఆ జాతికి పెట్టిన శాస్త్రనామము లెడ్జర్‌ది, మామానిది కాదు.

నీలగిరులలో బెరిగిన యెఱ్ఱబెరడులో క్వినైను తక్కువ. కాని దానితో గూడ సింకోనైను, సింకోనిడైను, క్వినిడైను అను మఱి మూడు సారములు గలవు. అవి చవుక. అవి జ్వరమును గుదుర్చునా? ఈ ప్రశ్నను దీర్చుటకు మదరాసు, బొంబాయి, వంగ రాజధానులలో వైద్యసంఘములను నియమించిరి. 1866 మొదలు 1868 వఱకు మూడువేలకు మించిన రోగులకు ఈ నాలుగు సారములను వేర్వేఱుగ నిచ్చి చూచిరి. నాలుగును ఇంచుమించు సమానముగ బనిచేసెను. నూటికి 98 మందికి పైగా జ్వరము విడిచెను. అనగా వెలగల క్వినైనును వడపోసి తీయ నక్కఱలేదు. ఎఱ్ఱబెరడులోని సారముల నన్నిటిని గలిపి పొడిచేసి పేదవాని కీయవచ్చును. ఈ సంగతి మన దేశపు టాసుపత్రులలో, మన రోగుల శరీరములమీద ఋజువైనది.

ఋజువైనదానిని ఆచరణలో బెట్టుట వేఱు. ఉదకమండలమున రసాయనవేత్త బ్రౌటన్ చేసిన మిశ్రమపు మందు కొలది సంవత్సరములలో నిలిచిపోయెను. డార్జిలింగు కొండలలో మంగ్‌పూ తోటయందు ఉడ్ అను రసాయనవేత్త 1874 తరువాత జ్వరహర చూర్ణము నొకదానిని దయారు చేసెను. అది కడుపు ద్రిప్పును గాని పని చేయును. ఐనను వైద్యుల మన్ననయు, వర్తకుల లాభమును తెల్లని శుద్ధమైన క్వినైను చుట్టునే తిరుగుచుండెను. చూర్ణము బీదల మందు. బీదల మందనగా తక్కువ మందని తలంచుట దొరలకే గాక మనవారికిని గలిగిన జాడ్యమే.

మెచ్చుకొనదగిన పని యొకటి జరిగినది. కలకత్తా వృక్షవనాధ్యక్షుడు జార్జి కింగ్ యత్నమున 1892 నుండి వంగదేశపు తపాలా కచ్చేరీలలో క్వినైను పొట్లములను అమ్మసాగిరి. అణాలో నాలుగవ వంతగు పైసాకు ఒక పొట్లము. ఉత్తరము వేయబోయినవాడు జ్వరపు మందు దెచ్చుకొనుట! యోచన గొప్పది. కాని జ్వరము పూర్తిగ గుదురుటకు అట్టి పొట్లము లొకటి రెండు చాలవు. ఇంటిల్లిపాదియు బడకవేసిన కూలివానికి, అన్ని పైసలు ఏకముగ దొరకుట యెట్లు?

జ్వరమునకు గారణమును గనిపెట్టిన కీర్తి మన తెలుగునేలకు గొంత చెందును. 1897 వేసవిలో రోనాల్డ్ రాస్ ఉదకమండలమునకు బోయి, సీగూరు కనుమలో దానే మలేరియా పాలయ్యెను. సింకోనా తోటలకు దిగువనే జ్వరపు కనుమ! ఆ యేడే సికిందరాబాదున హుసేన్ ఖాన్ అను రోగిని గఱచిన దోమల గడుపులను గోసి చూచి, ఆగస్టు 20వ తేదీన మలేరియా క్రిమి జాడను గనుగొనెను. హుసేన్ ఖానునకు దోమ కొక అణా ముట్టెను. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి ముట్టెను.

ఈలోపల జావా ప్రపంచపు క్వినైను వ్యాపారము నంతయు మ్రింగివేసెను. 1913లో తోటలవారును తయారీదారులును ఆంస్టర్‌డాములో నొడంబడిక చేసికొని, సరకును గట్టడిచేసి ధరను నిలిపిరి. చెట్లు కావలసినన్ని యున్నవి; బెరడు కలదు; జ్వరపడ్డవారు కోట్లు. నడుమ నున్నది ధర. 1930 ప్రాంతమున నానాజాతి సమితి మలేరియా సంఘము బీదలకొఱకు టోటాక్వినా యను మిశ్రమ మందును సూచించెను. అనేక సారములు గలిసినది, ఎఱ్ఱబెరడునుండి యగునది. మదరాసు వైద్యులు 1868 నాటికే తేల్చిన సత్యమును లోకము అఱువదేండ్లకు మరల గనుగొనెను!

1942లో జపాను సేనలు జావాను ఆక్రమించెను. ప్రపంచమునకు క్వినైను ద్వారము మూసికొనెను. 1943లో వంగదేశమున క్షామము. ఆకలిచే గృశించిన శరీరములమీద మలేరియా విరుచుకుపడెను. ఉన్న క్వినైను సైన్యములకు. మిగిలినది దొంగబజారునకు, కల్తీకి. ఆ క్షామమున జచ్చిన లక్షలలో అన్నములేక చచ్చినవారెందఱో, మందులేక చచ్చినవారెందఱో వేఱుపఱచి చెప్పుట కష్టము. మంగ్‌పూ తోటలు ఆ రాష్ట్రపు కొండలమీదనే యున్నవి. ఉన్న తోటలు చాలవని తెలిసియు, అంతకు ముందు ఎనుబదేండ్లలో వానిని అవసరమునకు దగినంత పెంచలేదు. జావా సరకు చవుకగా దొరకునంతకాలము, తోటలేల యని లెక్కలు వేయుచుండిరి.

యుద్ధము తరువాత క్లోరోక్విన్ మొదలగు కృత్రిమ ఔషధములు వచ్చి సింకోనాను వెనుకకు నెట్టెను. మలేరియా క్రిమి వానికి లొంగకుండ పోగా, చీనా దేశపు ఆర్టెమీసియా మొక్క సారము పైకి వచ్చెను. దానిని శోధించిన తూ యూయూ అను విదుషీమణికి 2015లో నోబెల్ బహుమతి లభించెను. ప్రమాదకరమైన మలేరియాకు క్వినైనుకంటె ఆ సారమే మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించినది. మరల నొక మొక్కయే, మరల నొక చేదు మందే. మన మన్యపు గూడెములలో వానకాలము వచ్చెననగా నేటికిని మలేరియా కనబడుచునే యున్నది. రక్తపరీక్షయు, మందును ఏటి కావలి పల్లెకు ఎన్ని దినములకు జేరునో అన్నదే అచ్చటి తల్లి యడుగు ప్రశ్న.

నీలగిరులలో సింకోనా యుండిన వాలులు పెక్కు నేడు తేయాకు తోటలు. నడువట్టపు చెఱసాలను చూడవచ్చినవారు దాని గోడలకు ఛాయాచిత్రములు దీసికొందురు. ఆనమలై కొండలలో వాల్పారై దగ్గర, ప్రభుత్వ తోటలుండిన చోట, సింకోనా అను నూరు కలదు.