మేనరికమూ, జింక్ మాత్రా

హోసూరుకు ఉత్తరాన కర్ణాటక పొలిమేరకు దగ్గరగా ఉన్న బాగలూరు ఒకప్పుడు సేలం జిల్లాలోది. 1965లో ధర్మపురి జిల్లాలో చేరింది, 2004 నుంచి కృష్ణగిరి జిల్లాలో ఉంది. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు విడిపోయినా హోసూరు తాలూకా మద్రాసు వైపే ఉండిపోయింది. ఇన్ని మార్పుల మధ్యా అక్కడి తెలుగిళ్ళలో భాషా నిలిచింది, మేనరికమూ నిలిచింది. దగ్గరి రక్తసంబంధీకుల పెళ్ళిని నిషేధించిన 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చి అక్క కూతురిని చేసుకునే తమ్ముడి జోలికి పోలేదు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా చేరిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌కు ఈ ఆచారం పెద్ద శాస్త్ర విషయంగా కనిపించింది. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి 1960ల మొదట్లో ఆంధ్రలోని మేనరికాల మీద పరిశోధన పత్రాలు ప్రచురించాడు. లెక్క తేలికే. మేనమామా మేనకోడళ్ళకు పుట్టిన బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనబావా మరదళ్ళ బిడ్డకైతే పదహారింట ఒకటి. రెండు ప్రతులూ చెడితేనే బయటపడే చర్మవ్యాధులు మిగతా ప్రపంచంలో ఎంత అరుదో, ఇలాంటి ఊళ్ళలో అంత అరుదు కాకపోవడానికి కారణం ఇదే. ఈ జబ్బుల్లో కొన్నింటికి మనకున్న కొరత మందుది కాదనీ, జబ్బును పేరుపెట్టి గుర్తించడానిదనీ నా వాదన.

ఎక్రోడెర్మటైటిస్ ఎంటెరోపతికా కథ చూడండి. 1942లో నార్వే వైద్యులు డాన్‌బోల్ట్, క్లాస్ దీనికి పేరుపెట్టారు. తల్లిపాలు మాన్పించిన కొన్నాళ్ళకు బిడ్డ నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ, చేతుల మీదా కాళ్ళ మీదా ఎర్రగా పుండ్లు పడతాయి, జుట్టు రాలుతుంది, విరేచనాలు ఆగవు. చాలామంది పసివాళ్ళు చనిపోయేవారు. 1953లో అమెరికాలో డయోడోక్విన్ అనే మందుతో ఈ పిల్లలు తేరుకున్నారని వెల్లడైంది. అది అమీబా వల్ల వచ్చే జిగట విరేచనాల మందు. పేగుల్లో ఏదో క్రిమి ఉందని వైద్యులు అనుమానించడం సహజం. కానీ ఈ బిడ్డలలో చంపవలసిన అమీబా ఏదీ లేదు. కారణం తెలియకుండానే ఇరవై ఏళ్ళు ఆ మందు వాడారు. కొందరు పిల్లలకు కంటి నరం దెబ్బతిని చూపు పోయింది. 1973లో లండన్‌లో మొయినహాన్, బార్న్స్ ఒక చిన్నారి రక్తంలో జింక్ బాగా తక్కువగా ఉండటం గమనించి, జింక్ సల్ఫేట్ ఇచ్చారు. చర్మమూ పేగులూ రెండూ చక్కబడ్డాయి. ఆ తర్వాతే డయోడోక్విన్ రహస్యం తెలిసింది: అది జింక్‌ను పట్టుకుని, పేగు గోడ దాటడానికి సాయపడుతోంది. జింక్‌ను లోపలికి చేరవేసే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులోనే దోషం ఉందని 2002లో తేలింది.

ఇప్పుడు ఆ జింక్ ఎక్కడుంది? పిల్లల విరేచనాలకు ఓఆర్‌ఎస్‌తో పాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇవ్వాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెప్పినప్పటి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అది మామూలు మాత్ర. చిక్కంతా ఇక్కడే. ఈ జబ్బున్న బిడ్డకు మామూలు విరేచనాలనుకుని ఆ మాత్రలే ఇచ్చారనుకోండి, కొంత గుణం కనిపిస్తుంది. కోర్సు అయిపోగానే పుండ్లు మళ్ళీ వస్తాయి, మాత్ర పనిచేయలేదని ఇంకో ఆసుపత్రికి పరుగెడతారు. ఈ బిడ్డకు కావలసింది బరువును బట్టి, వైద్యుడి పర్యవేక్షణలో, జీవితాంతం ఇచ్చే జింక్. మాత్ర అదే, జబ్బు పేరు తెలిస్తే వాడకం పూర్తిగా మారిపోతుంది.

కారణం తెలియకపోయినా పాత మందులు కొత్త జబ్బులకు పనికిరాలేదా అని అడగవచ్చు. వచ్చాయి. మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ కంపెనీలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడాడు. 1951లో గబ్నర్, సహచరులు దాన్ని కీళ్ళవాతం మీద పరీక్షిస్తుండగా సోరియాసిస్ మచ్చలు తగ్గాయి. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇవాళ చర్మవైద్యుల నిత్యావసరం. 1948 ఆగస్టులోనే కన్నుమూసిన సుబ్బారావు ఇదేమీ చూడలేదు. అయితే సోరియాసిస్ రోగులు లక్షల్లో ఉంటారు. ఏ వార్డులో ఏ మందు పరీక్షిస్తున్నా ఒకరైనా తటస్థపడతారు. అరుదైన జబ్బులో ఒక వైద్యుడు ఉద్యోగ జీవితమంతటిలో రెండో రోగిని చూడకపోవచ్చు. అక్కడ అదృష్టం కోసం కాచుకుంటే అది రాదు. కారణం తెలిస్తే మాత్రం పాత మందునే గురిచూసి వాడవచ్చు. 2017లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వుడ్లీ, చెన్ బృందం, చిన్న రాపిడికే చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే ఎపిడెర్మోలైసిస్ బులోసా ఉన్న ఐదుగురు రోగులకు జెంటామైసిన్ వాడి, లోపించిన కొలాజెన్ మళ్ళీ తయారయ్యేలా చేసింది. అది 1963లో కనుగొన్న యాంటీబయాటిక్. జన్యువులో ఒక అక్షరం మారి మధ్యలోనే ‘ఆగు’ అన్న సంకేతం వచ్చిపడిన రోగుల్లోనే అది పని చేస్తుంది. చెవులకూ కిడ్నీలకూ హాని చేయగలది కాబట్టి, జన్యు పరీక్ష లేకుండా ఇస్తే ఉపకారం లేకపోగా అపకారం.

మేనరికం మానేస్తే సరిపోతుంది కదా అనేవారు ఇంకా ఎక్కువమంది. మానడం మంచిదే. కానీ ఇప్పటికే పుట్టిన బిడ్డకు దానివల్ల ఒరిగేదేమీ లేదు, ఒకే ప్రతి చెడినా వచ్చే చర్మవ్యాధులకు చుట్టరికంతో పనే లేదు. ఆచారాన్ని తిడుతూ కూర్చుంటే తల్లిదండ్రులు చుట్టరికం దాస్తారు, వైద్యుడికి అందవలసిన ఆధారం అక్కడే పోతుంది. డెన్మార్క్‌లో ఫ్రీసియన్ జాతి దూడల్లో ఇలాంటి జింక్ లోపమే గుర్తించారు. పశువుల వంశావళి రాసి ఉంచే అలవాటు వల్ల అది తండ్రీ తల్లీ ఇద్దరి వైపు నుంచీ వస్తున్నదని తేలింది.  మన ఇళ్ళలోనూ అలాంటి వంశావళి ఉంది: ఈడూ జోడూ చూసి మేనరికం కుదిర్చే పెద్దలకు మూడు తరాల చుట్టరికం నోటిమీదే ఉంటుంది. మానని పుండ్లతో వచ్చిన పసిబిడ్డ ఓపీ చీటీ మీద, అమ్మానాన్నలు ఒకరికొకరు ఏమవుతారన్న మాట తప్పు పట్టకుండా అడిగి రాస్తే, ఏ జన్యు పరీక్షకు పంపాలో వైద్యుడికి సగం తెలిసిపోతుంది.