టైమింగ్ బెల్ట్ తెగిన పాత కారు: మళ్లీ సెల్ఫ్ కొట్టే ముందు

హైవే మీద మామూలుగా పోతున్న కారు ఒక్కసారిగా ఆగిపోతుంది. ట్యాంకులో ఇంధనం ఉంది, బ్యాటరీ బాగుంది. తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు ఎప్పటికన్నా తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. పాత కారులో ఈ లక్షణం కనిపిస్తే మొదట అనుమానించాల్సింది టైమింగ్ బెల్ట్‌నే. ఇంకోసారి, మరోసారి అంటూ సెల్ఫ్ కొట్టడమే చాలామంది చేసే పొరపాటు.

కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌నూ, పైన వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్‌నూ జతగా నడిపేది ఈ పళ్ల బెల్టే. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. బెల్ట్ తెగితే క్యామ్ నిలిచిపోతుంది. తెరుచుకుని ఉన్న వాల్వులు అలాగే ఉండిపోతాయి. కొన్ని ఇంజిన్లలో పిస్టన్ పైదాకా వచ్చినా వాల్వుకు తగలనంత ఖాళీ ఉంటుంది. అంత ఖాళీ లేని వాటిని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్లు అంటారు. వాటిలో పిస్టన్ వాల్వును కొడుతుంది, వాల్వు వంగుతుంది. డీజిల్ ఇంజిన్లు చాలావరకు ఈ కోవవే. సెల్ఫ్ కొట్టినా, గేర్‌లో పెట్టి తోసినా తొలి దెబ్బకు తప్పించుకున్న వాల్వులు కూడా వంగవచ్చు. కారును న్యూట్రల్‌లోనే తరలించాలి.

ఇంజిన్ ఆగగానే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ కాసేపే ఉంటుంది కాబట్టి పెడల్‌ను పదేపదే తొక్కకుండా ఒకేసారి గట్టిగా తొక్కి, పక్కకు తీసి ఆపాలి.

తొలి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి వాటికి బెల్ట్ ఉండేది కాదు, చైనే. మారుతి 800తో బెల్ట్ మన ఇళ్లలోకి వచ్చింది. తొలి శాంత్రో, డీజిల్ ఇండికా, 1.5 డీజిల్ డస్టర్, టీడీఐ పోలోలకూ బెల్టే. డీజిల్ స్విఫ్ట్‌కు మాత్రం చైన్. చైన్ అరిగితే చాలాసార్లు ముందుగా చప్పుడు చేస్తుంది, బెల్ట్ ఆ మర్యాద పాటించదు.

షెడ్డుకు చేరాక పైకవరు తీస్తే సంగతి చాలావరకు తెలుస్తుంది. ఒక్కోసారి బెల్ట్ తెగకుండా నాలుగైదు పళ్లు మాత్రమే ఊడుతాయి. చూడటానికి బాగానే ఉన్నా ఫలితం ఒకటే. ఇక్కడే అసలు నిర్ణయం. చూడగానే హెడ్డు దించాలనే మెకానిక్‌నూ, బెల్ట్ వేసి స్టార్ట్ చేసేద్దాం అనే మెకానిక్‌నూ కాసేపు ఆపాలి. గుర్తులు కలిపి కొత్త బెల్ట్ వేసి, స్పానర్‌తో చేత్తో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకూడదు. సాఫీగా తిరిగితే ప్రతి సిలిండర్‌కూ లీక్‌డౌన్ పరీక్ష చేయించాలి. అన్నీ బాగుంటే హెడ్డు ముట్టక్కర్లేదు. ఒక్కటి గాలి వదిలేసినా దించక తప్పదు. అప్పుడు వాల్వులతో పాటు గైడ్లు, సీళ్లు, హెడ్ గ్యాస్కెట్ కూడా లెక్కలోకి వస్తాయి. పిస్టన్ల మీద దెబ్బ గుర్తులున్నాయేమో యజమాని కళ్లారా చూడటం మంచిది.

బెల్ట్ ఎందుకు తెగిందో తేల్చకుండా బండి తీసుకోకూడదు. టెన్షనర్ బేరింగ్ బిగుసుకుందా, క్యామ్ సీల్ నుంచి ఆయిల్ కారి రబ్బరు నానిందా, బెల్ట్‌తో తిరిగే వాటర్ పంపు పట్టేసిందా? ఏది కారణమైనా అది అలాగే ఉంటే కొత్త బెల్టూ అదే దారి పడుతుంది.

మామూలు సమగ్ర బీమా పాలసీలో అరుగుదల, యాంత్రిక వైఫల్యం మినహాయింపులు. అంటే ఖర్చంతా జేబులోంచే. రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు నిండబోతున్న కారైతే పునరుద్ధరణ ఖర్చునూ కలిపి, బండి అమ్మితే వచ్చే ధరతో పోల్చుకోవాలి. పాత ఇంజిన్ ఒకటి తెచ్చి మార్చేద్దామంటే కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. చాలామంది ఈ పని వదిలేసి, అమ్మేటప్పుడు ఇబ్బంది పడతారు.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారు మీటరు చూసి మోసపోతుంటారు. తక్కువ తిరిగినా రబ్బరుకు వయసు ఆగదు. మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటే, ఏది ముందు నిండితే అప్పుడే మార్చాలి. మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకుని, ఆ మొత్తాన్ని బేరంలోనే తగ్గించమనాలి.